ఫెరిష్తా రాశాడంటే నిజమేనా? దక్కన్ చరిత్రలో కొన్ని అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు దక్కన్ చరిత్ర చెబుతాను. పోటీ పరీక్షల పుస్తకం ఏది తెరిచినా 'ఫెరిష్తా ప్రకారం' అన్న మాట ఎదురవుతుంది. ఫెరిష్తా అంటే నాలుగు వందల ఏళ్ళ కిందట బీజాపూర్ కొలువులో పారసీలో చరిత్ర రాసినాయన. అది చూడగానే కొందరు పిల్లలు ఇక తిరుగులేదనుకుంటారు. ఇంకొందరు ఆయన్ని కట్టుకథల మనిషని తీసిపారేస్తారు. నేను మాత్రం ఏ పేజీకి ఆ పేజీ విడిగా చూడమంటాను. ఆ సంగతి జరిగినప్పుడు ఈయన ఎక్కడున్నాడో ముందు తేల్చుకోమంటాను.

అపోహ: పేరులో 'హిందూ షా' ఉంది కాబట్టి మతం మారిన భారతీయుడు.

కాదు. మహమ్మద్ ఖాసిం హిందూ షా పుట్టింది కాస్పియన్ సముద్రం దగ్గరి అస్త్రాబాద్‌లో, అంటే ఇప్పటి ఇరాన్‌లోని గోర్గాన్‌లో. 'హిందూ షా' తండ్రి పేరులోనూ ఉంది. 'ఫెరిష్తా' కలంపేరు, దేవదూత అని అర్థం.

అపోహ: దర్బారులో నీడపట్టున కూర్చుని రాసుకున్న గుమస్తా.

ఆయన సిపాయి. తండ్రి గులాం అలీ అహ్మద్‌నగర్‌లో యువరాజు మీరాన్ హుసేన్‌కు పారసీ నేర్పేవాడు. ఫెరిష్తా అక్కడి సుల్తాన్ ముర్తజా నిజాం షా కాపలా దళంలో చేరాడు. 1588లో ఆ యువరాజే కన్నతండ్రి అయిన ముర్తజాను మరిగే స్నానశాలలో పెట్టి చంపించాడు. సుల్తాను మనుషులు కత్తికి బలైపోతుంటే ఫెరిష్తా మాత్రం బతికాడు, కలిసి చదువుకున్నవాడని యువరాజు గుర్తుపట్టాడు గనుక. మరుసటి ఏడాది బీజాపూర్ చేరి రెండవ ఇబ్రహీం ఆదిల్ షా కొలువులో కత్తి పట్టాడు. అహ్మద్‌నగర్ పెత్తనదారు జమాల్ ఖాన్‌తో జరిగిన పోరులో గాయపడి, పట్టుబడి, తప్పించుకున్నాడు. చరిత్ర రాయమని ఇబ్రహీం అడిగింది ఆ తర్వాతే. ఈ ఏళ్ళ గురించి ఆయన రాసినదాన్ని నేను చాలా గౌరవంగా చదువుతాను.

అపోహ: తళ్ళికోట యుద్ధాన్ని కళ్ళారా చూసి రాశాడు.

విజయనగరాన్ని దక్కన్ సుల్తానులు ఓడించిన ఈ యుద్ధం జరిగింది 1565 జనవరిలో. అప్పటికి ఆయన పసివాడు, లేదా పుట్టనేలేదు. లక్షకు పైగా చనిపోయారనీ, నది నెత్తురుతో ఎర్రబడిందనీ ఆయన రాసింది గెలిచిన రాజ్యాల్లో నాలుగు దశాబ్దాల తర్వాత. ఆ లక్షను జవాబుపత్రంలో తలలు లెక్కపెట్టినట్టు రాయకండి.

అపోహ: గంగు అనే బ్రాహ్మణుడి వల్లే 'బహమనీ' అన్న పేరు వచ్చింది.

కథ అందరికీ తెలిసిందే. బహమనీ రాజ్యాన్ని స్థాపించిన హసన్ అంతకుముందు ఢిల్లీలో గంగు దగ్గర పనిచేసేవాడట; అతనికి పొలం దున్నుతుంటే బంగారం దొరుకుతుంది, దాన్ని తీసుకెళ్ళి యజమానికే అప్పగిస్తాడు, రాజయ్యాక కృతజ్ఞతగా ఆయన పేరు పెట్టుకుంటాడు. చెప్పడానికి ఎంతో బాగుంటుంది, మొదట్లో నేనూ చెప్పాను. కానీ రాజ్యం పుట్టింది 1347లో. ఫెరిష్తా గ్రంథం తొలిరూపం 1606 నాటిది. నాణేల మీద, శాసనాల్లో కనిపించేది 'బహ్మన్ షా'. హసన్ కాలంలోనే 1350లో కావ్యం రాసిన ఇసామీలో ఈ గంగు కథ లేదు. ఫెరిష్తా సమకాలికుడైన చరిత్రకారుడు తబాతబా కూడా ఆ వంశాన్ని ఇరాన్ పురాణవీరుడు బహ్మన్‌కే ముడిపెట్టాడు. రెండున్నర శతాబ్దాలు నోళ్ళలో నానిన కథను ఫెరిష్తా పుస్తకంలోకి ఎక్కించాడు, మనం పాఠంలోకి ఎక్కించాం.

అపోహ: హిందువుల సంగతి పట్టించుకోని ఏకపక్షి.

యుద్ధవర్ణనల్లో పక్షపాతం ఉంది, దాచను. అయితే ఆయన హిందుస్థాన్ చరిత్ర మహాభారత కథతో మొదలవుతుంది. ఈ దేశపు వైద్యం మీద పారసీలో ఒక గ్రంథం కూడా రాశాడు.

అపోహ: భాగమతి కథ ఫెరిష్తా కల్పన.

ఇది మన హైదరాబాద్ సంగతి కాబట్టి కాస్త ఆగి చూద్దాం. మహమ్మద్ కులీ కుతుబ్ షా భాగమతి అనే వేశ్యను ప్రేమించి కొత్త నగరానికి భాగ్‌నగర్ అని పేరు పెట్టాడనీ, తర్వాత సిగ్గుపడి హైదరాబాద్‌గా మార్చాడనీ ఫెరిష్తా రాశాడు. అప్పటికి ఆ సుల్తాను బతికే ఉన్నాడు. అంతకుముందే 1590లలో దక్కన్‌కు రాయబారిగా వచ్చిన మొగలు ఆస్థాన కవి ఫైజీ అక్బర్‌కు పంపిన నివేదికలో భాగమతి పేరు మీదే భాగ్‌నగర్ వెలిసిందన్న మాట ఉంది. కాబట్టి కల్పించింది ఫెరిష్తా కాదు, ఆ రోజుల్లో జనం అనుకుంటున్నదే. అయితే ఇద్దరూ గోల్కొండ బయటివాళ్ళు. కుతుబ్ షాహీ నాణేల్లో భాగ్‌నగర్ లేదు. హారూన్ ఖాన్ షేర్వానీ లాంటి పెద్ద చరిత్రకారులు ఈ కథను ఒప్పుకోలేదు. నా మటుకు, ఆ వదంతి అప్పుడు ఉండేదన్నంత వరకే ఫెరిష్తా సాక్ష్యం.

అపోహ: బ్రిగ్స్ ఇంగ్లీషు అనువాదం చదివితే ఫెరిష్తాను చదివినట్టే.

1829లో నాలుగు సంపుటాలుగా వచ్చిన ఆ అనువాదం మీదే మనం ఎక్కువగా ఆధారపడతాం. గోల్కొండ దగ్గరే చిక్కు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో ఖుర్షా అనే ఆయన ఆ వంశ చరిత్ర రాశాడని విన్నాను గానీ నాకు దొరకలేదని ఫెరిష్తాయే ఒప్పుకున్నాడు. అందుకే ఆ భాగం మరీ చిన్నది. ఆ లోటు పూడ్చడానికి బ్రిగ్స్ గోల్కొండలోనే రాసిన మరో పారసీ చరిత్రను తెచ్చి అనుబంధంగా కలిపాడు, దాని రచయిత పేరు తెలియదు. కుతుబ్ షాహీల గురించి పేజీలకు పేజీలు 'ఫెరిష్తా ప్రకారం' అని రాసేవాళ్ళు చాలాసార్లు ఉటంకిస్తున్నది ఆ పేరు తెలియని గోల్కొండ మనిషినే.