రివెట్ బెజ్జం వెనక యాభై ఏళ్లు

ఇంటి షెడ్డులో విమానం కట్టుకునేవాళ్ల మధ్య 2023లో ఎక్కడ చూసినా పగుళ్ల మాటే. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రం, అరోరాలో ఉన్న వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పంపిన కిట్లలో, అంటే విమానం కట్టుకునే విడిభాగాల పెట్టెల్లో, కొన్ని రేకులకు బెజ్జాలు లేజర్‌తో కోశారు. ఆ బెజ్జాలకు డింపుల్ కొడితే, అంటే రివెట్ తల రేకుతో సమంగా కూర్చునేలా బెజ్జం చుట్టూ గుంట నొక్కితే, అంచున వెంట్రుకంత చీలిక కనబడింది. ఒక్కో విమానానికి రేకులను కలిపి పట్టే లోహపు మేకులు, అంటే రివెట్లు, పది వేల పైచిలుకు ఉంటాయి, కాబట్టి ఏ బెజ్జంలో ఏముందో తెలియక చాలామంది పని ఆపేశారు. ఆ ఏడాది డిసెంబరు 4న కంపెనీ దివాలా చట్టం చాప్టర్ 11 కింద అప్పులవాళ్ల నుంచి రక్షణ కోరింది. పగుళ్లొక్కటే కంపెనీని ముంచలేదు. కరోనా కాలంలో ఆర్డర్లు వెల్లువెత్తాయి, డెలివరీలు ఆలస్యమయ్యాయి, పాత ధరకు ఒప్పుకున్న కిట్టు తయారుచేస్తే ఖర్చులు కూడా రాని పరిస్థితి వచ్చింది. అయినా జనానికి గుర్తుండిపోయింది మాత్రం ఆ చీలికే. దాని మూలం లేజర్ యంత్రం కన్నా చాలా వెనక ఉంది.

అమెరికాలో ఎవరి విమానం వాళ్లు కట్టుకుని చట్టబద్ధంగా ఎగరడం పోరాడి సాధించుకున్న హక్కు. జార్జ్ బొగార్డస్ 1947లో తన చిన్న విమానం లిటిల్ జీ బీలో ఆరెగన్ నుంచి వాషింగ్టన్ దాకా ఎగిరి వెళ్లి అధికారుల ముందు వాదించాడు. 1953లో మిల్వాకీలో పాల్ పోబెరెజ్నీ ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ పెట్టాడు. అప్పట్లో కట్టేవాడి చేతికి అందేది ఎక్కువగా డ్రాయింగులే. చెక్క, స్టీలు గొట్టాలు, గుడ్డతోనే పని సాగేది. రిచర్డ్ వ్యాన్‌గ్రున్స్వెన్ రూపొందించిన ఆర్‌వీ-3 విమానం 1971లో ఎగిరింది. మరో రెండేళ్లకు ఆయన వ్యాన్స్ కంపెనీ పుట్టింది. పూర్తి లోహంతో, వేగంగా వెళ్లే చిన్న విమానాన్ని మామూలు మనిషి కట్టగలడని ఆర్‌వీ-3 నిరూపించింది.

తొలినాటి ఆ కిట్లలో రేకుకు బెజ్జాలు ఉండేవి కావు. జిగ్గు అనే గట్టి చట్రం ముందు కట్టుకుని, తూకపు గుండు వేలాడదీసి, రెక్కకు పక్కటెముకల్లాంటి రిబ్బులన్నీ ఒకే తలంలో నిలబెట్టాలి. రేకు మీద మార్కర్‌తో గీతలు గీయాలి. సూదిమొనతో గీయకూడదు, ఎందుకంటే 2024-టి3 అనే అల్యూమినియం మిశ్రమం రేకు పైన ఉండే పలుచటి శుద్ధ అల్యూమినియం పొర చిరిగి, ఆ గీతే తరవాత పగులుకు దారి చూపిస్తుంది. రిబ్బు అంచు మీద నడిమి గీత గీసి, రేకులో వేసిన బెజ్జం గుండా ఆ గీత కనబడుతోందో లేదో చూసుకునేవాళ్లు. గీత కనబడలేదంటే బెజ్జం రిబ్బు అంచు దాటిపోతున్నట్టే. బెజ్జం నడిబొడ్డు నుంచి రేకు అంచుకు కనీసం రివెట్ మందానికి రెండింతల దూరం మిగలాలి. జిగ్గు కాస్త వంకర పోతే రెక్క మెలి తిరుగుతుంది. ఆ తరవాత జన్మంతా విమానం ఒక పక్కకే ఒరుగుతూ ఎగురుతుంది.

40 నంబరు డ్రిల్లు, అంటే దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల బెజ్జం, 3/32 అంగుళాల రివెట్‌కు. 1/8 అంగుళాల రివెట్‌కు 30 నంబరు. బెజ్జం వేసి, రేకులను తాత్కాలికంగా పట్టి ఉంచే క్లీకో పిన్ను బిగించి, పక్కది వేసి, అన్నీ అయ్యాక మొత్తం విప్పాలి. ప్రతి బెజ్జానికీ రెండు వైపులా అంచు గరుకు తీసి, డింపుల్ కొట్టి, తుప్పు ఆపే ప్రైమర్ పూసి, మళ్లీ బిగించి అప్పుడు రివెట్ కొట్టాలి. తలనొప్పి పనే. కానీ బెజ్జం అంచు తయారైన తీరు మొత్తం కట్టేవాడి కళ్ల ముందే జరిగేది.

1990ల నడుమ ఆర్‌వీ-8 కిట్టుతో కంప్యూటర్ పంచ్ యంత్రం రంగంలోకి దిగింది. తరవాత వచ్చిన ఆర్‌వీ-9, ఆర్‌వీ-7లలో రేకు బెజ్జం, రిబ్బు బెజ్జం వాటంతట అవే కలిసేలా ఫ్యాక్టరీలోనే కొట్టి పంపారు. జిగ్గు అవసరం చాలావరకు పోయింది. ఆ బెజ్జాలు కాస్త చిన్నవి. రేకులు జతచేసి డ్రిల్లు ఒకసారి దూర్చాక గానీ అసలు సైజుకు రావు. ఆర్‌వీ-14కు వచ్చేసరికి బెజ్జాలు చాలావరకు చివరి సైజులోనే వచ్చాయి. గరుకు తీయడం, డింపుల్ కొట్టడం మాత్రమే మిగిలాయి.

ఇక్కడ వాదనంతా 51 శాతం నిబంధన చుట్టూ తిరిగింది. అమెరికా విమానయాన నిబంధన 21.191(జి) ప్రకారం విమానంలో ప్రధాన భాగాన్ని చదువు కోసమో సరదా కోసమో ఔత్సాహికులే కట్టాలి. ఫ్యాక్టరీయే బెజ్జాలు వేస్తే అది మన చేతిపని అవుతుందా? లెక్క గంటల్లో ఉండదు. పనుల జాబితాలో ఎవరు ఏది చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. కిరాయికి కట్టించుకునే తంతు ముదరడంతో 2009లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఈ జాబితాను బిగించింది. డబ్బు ఇచ్చి చేయించుకున్న పనిని విడిగా చూపమంది. ముందే బెజ్జాలున్న కిట్లు మాత్రం ఈ పరీక్షలో నెగ్గుతూనే వచ్చాయి. పని ఎవరు చేశారన్న దాని మీద ఇంత చర్చ జరిగింది. ఏ పని మాయమైందన్న దాని మీద అందులో పదో వంతు కూడా జరగలేదు.

మాయమైంది ఆ చివరి డ్రిల్లు. పంచ్ కొట్టిన బెజ్జాన్ని పది రెట్ల భూతద్దంలో చూడండి. పంచ్ దిగిన వైపు అంచు కొద్దిగా గుండ్రంగా, దాని కింద నున్నగా మెరిసే పట్టీ, ఆ కింద విరిగినట్టు గరుకు పట్టీ, అడుగున బర్రు, అంటే పొడుచుకొచ్చిన పదునైన అంచు, కనబడతాయి. డ్రిల్లు దూరితే ఆ గరుకులో కొంత చెక్కేస్తుంది. డింపుల్ అచ్చు (డై) నొక్కినప్పుడు 100 డిగ్రీల గిన్నెలా రేకు వంగుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా సాగేది బెజ్జం అంచు. సాగే అంచులో గాటు ఉంటే సాగుడంతా అక్కడే పోగై చీలుతుంది.

లేజర్ బెజ్జంలో అంచు కరిగి గడ్డకట్టిన లోహం. కిరణం ఒకచోట రేకును తొలిచి, వృత్తంలోకి చేరి, చుట్టూ తిరిగి మొదటి చోటే కలవాలి. ఆ కలిసే దారిని సరిగా పెట్టకపోతే చిన్న గాటు మిగులుతుంది. డ్రాయింగులో సున్నాలా ఉన్నది రేకు మీద ఒకచోట కొరికినట్టు వస్తుంది. గిరాకీకి పంచ్ యంత్రాలు చాలక 2022, 2023ల్లో కొన్ని భాగాలను బయట లేజర్‌తో కోయించారు. ఆ గాటు డింపుల్ కింద పడింది.

కంపెనీ రేకును పదేపదే లాగి వదిలే అలసట పరీక్షలు చేసి, చాలా భాగాలు పనికొస్తాయనీ, ఫలానావి మార్చమనీ జాబితా ఇచ్చింది. ఆ తీర్పు ఇంజినీరింగ్ పరంగా సబబే కావచ్చు. కానీ చీలిక కళ్లారా చూసిన మనిషిని అలసట పరీక్షల గ్రాఫు ఎంత ఒప్పించగలదు? పైగా దివాలా ప్రక్రియలో పాత ఆర్డర్లకు కొనుగోలుదార్లు కొత్త ధర ఒప్పుకోవాల్సి వచ్చింది. కంపెనీ 2024లో దాంట్లోంచి బయటపడింది.

అప్పటికే రివెట్లు కొట్టేసినవాళ్లది మరో అవస్థ. రివెట్ తీయాలంటే తల నడుమ సరిగ్గా డ్రిల్లు పెట్టి, తల లోతు వరకే తొలిచి, పంచ్‌తో తల విరిచి, తోకను వెనక ఆనుడు పెట్టి బయటకు తట్టాలి. డ్రిల్లు కాస్త జరిగితే బెజ్జం కోడిగుడ్డు ఆకారమవుతుంది. అప్పుడు ఎన్‌ఏఎస్1097ఏడీ4 అనే రివెట్ ఆదుకుంటుంది. కాడ 1/8 అంగుళం, తల మాత్రం చిన్నది, ఇంచుమించు 3/32 రివెట్ డింపుల్‌లోనే ఇమిడిపోతుంది. అయితే ఇది పెద్దదైపోయిన బెజ్జానికే మందు. పగులు కొత్త బెజ్జాన్ని దాటి వెళ్లి ఉంటే భాగం మార్చడం తప్ప దారి లేదు.

సగం కట్టి వదిలేసిన ఆ కాలపు కిట్టు ఎవరిదైనా కొంటే, ముందు కొనుగోలు కాగితాల్లో భాగాల తేదీలు చూడాలి. రివెట్ కొట్టిన చోట తల ఒక పక్క, తోక మరో పక్క డింపుల్‌ను కప్పేస్తాయి, కాబట్టి అక్కడ పగులు కంటికి దొరకడం కష్టం. అదే రేకులో ఖాళీగా ఉన్న బెజ్జాలే సాక్ష్యం. ప్రైమర్ పూయని చోట రంగు ద్రావకంతో పరీక్షిస్తే చీలిక ఎర్రటి గీతలా తేలుతుంది. పాత యజమాని రాసిన నిర్మాణ పుస్తకం, ఫొటోలు తప్పకుండా అడిగి తీసుకోవాలి. ప్రధాన భాగం ఔత్సాహికులే కట్టారని తనిఖీ అధికారి ముందు చూపడానికి అవే ఆధారం. మొదటి యజమాని రివెట్ కొట్టిన రేకు ఏ బ్యాచిదో తెలిసేదీ వాటిలోనే.