కాన్ఫరెన్స్ మారితే ఎవరి నిద్ర చెడుతుంది?

2023 ఆగస్టు 4, శుక్రవారం. అమెరికా పశ్చిమాన తొమ్మిది విశ్వవిద్యాలయాలు ఆ ఉదయం ఒక క్రీడల టీవీ ఒప్పందం మీద సంతకాలు పెట్టి కలిసి ఉంటాయని చాలామంది అనుకున్నారు. సంతకాలు పడలేదు. ఆ రోజు గడిచేలోపు ఐదు విశ్వవిద్యాలయాలు బయటికి నడిచాయి. వాషింగ్టన్, ఒరెగాన్ బిగ్ టెన్ అనే క్రీడా కూటమికి వెళ్లాయి. అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి వెళ్లాయి. 1915 నాటి చరిత్ర తనదని చెప్పుకునే ప్యాక్-12 కాన్ఫరెన్స్‌లో నాలుగే మిగిలాయి. నెల తిరక్కుండానే స్టాన్‌ఫర్డ్, బర్కిలీ కూడా అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న ఏసీసీలో చేరిపోయాయి. చివరికి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే ఆ ఇంట్లో మిగిలాయి.

మన దేశంలో విశ్వవిద్యాలయాల మధ్య పోటీలు జోన్లవారీగా జరుగుతాయి. ఎవరు ఏ జోన్ అన్నది మ్యాపే చెబుతుంది, దానికి ఒప్పందాలు అక్కర్లేదు. అమెరికాలో కాన్ఫరెన్స్ అంటే విశ్వవిద్యాలయాలు (అక్కడ వాటినీ స్కూళ్లే అంటారు) తమంతట తాము కట్టుకున్న కూటమి. ఏటా ఎవరితో ఆడాలి, టీవీ హక్కులు కలిపి అమ్మితే ఎవరి వాటా ఎంత అన్నది కూటమే తేల్చుకుంటుంది. నచ్చకపోతే బయటికి పోవచ్చు. అందుకే అక్కడి అభిమానుల మధ్య ఈ వాదన ఎప్పటికీ ఆగదు: మన స్కూల్ మారాలా, ఉన్నచోటే ఉండాలా?

ఈ వాదన దాదాపు ఎప్పుడూ టీవీ డబ్బు, ప్రతిష్ఠ, పాత ప్రత్యర్థులు అనే మూడింటి చుట్టూనే తిరుగుతుంది. ఆడే పిల్లల శరీరం సంగతి మాటవరసకి వచ్చి పోతుంది. సైన్స్ ఎక్కువ స్పష్టంగా మాట్లాడేది మాత్రం ఆ నాలుగో విషయం మీదే.

ముందు అభిమానుల సంగతి చూద్దాం. 1976లో రాబర్ట్ చాల్దీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి ఒక పరిశోధన ప్రచురించాడు. ఆయన పనిచేసింది అరిజోనా స్టేట్‌లోనే. ఆ ఊరు టెంపీలో ఇప్పుడు తెలుగు విద్యార్థులు చాలామందే కనిపిస్తారు. ఏడు విశ్వవిద్యాలయాల్లో శనివారం అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యాక, సోమవారం క్లాసుకి ఎంతమంది తమ స్కూల్ పేరో గుర్తో ఉన్న బట్టలు వేసుకొచ్చారో లెక్కపెట్టించారు. గెలిచిన వారాల్లో ఆ బట్టలు ఎక్కువ కనిపించాయి. తర్వాత ఫోన్లో ఇంకో ప్రయోగం చేశారు. విద్యార్థులకు క్యాంపస్ విషయాల మీద చిన్న క్విజ్ పెట్టి, వాళ్ల జవాబులతో పనిలేకుండా కొందరికి బాగా చేశారని, కొందరికి సరిగ్గా చేయలేదని చెప్పారు. ఆ తర్వాత ఫలానా మ్యాచ్‌లో ఏమైందని మామూలుగా అడిగారు. గెలిచిన మ్యాచ్ గురించి చెప్పేటప్పుడు 'మేం గెలిచాం' అనేవాళ్లు ఎక్కువ, ఓడినప్పుడు ఆ 'మేం' తగ్గిపోయింది. క్విజ్‌లో దెబ్బతిన్నవాళ్లలో ఈ తేడా మరీ పెద్దది.

అంటే జట్టు గెలుపుని అభిమాని సొంత ఆత్మగౌరవానికి ఆసరాగా వాడుకుంటాడు. ఇందులో తప్పేమీ లేదు, మనుషులు అలాగే ఉంటారు. 'పెద్ద కాన్ఫరెన్స్‌కి వెళ్తే మన స్థాయి పెరుగుతుంది' అనే అభిమాని కోరేది ఆ ఆసరానే. 'పాత ప్రత్యర్థులు పోతే ఇంకేం మిగులుతుంది' అని అడ్డుపడే అభిమానిది కూడా వట్టి చాదస్తం అనలేం. వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ జట్లు 1900 నుంచి ఆడుకుంటున్నాయి. ఒకే రాష్ట్రంలో, ఒకే ఇంట్లో కూడా రెండు జట్ల మనుషులు ఉంటారు. అంత దగ్గరి ప్రత్యర్థిని డబ్బిచ్చి కొనలేం. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లో చూపించినట్టు, అంతే విలువున్న లాభం కన్నా నష్టం మనకి ఎక్కువ బరువుగా తోస్తుంది. మార్పు వద్దనేవాళ్ల గొంతులో ఆవేశం ఎక్కువ ఉండటానికి అదొక కారణం. నా మటుకు నేను వాళ్ల పక్షమే.

అయితే రెండు పక్షాలూ ఒక విషయం వదిలేస్తున్నాయి. మారడం మంచిదా కాదా అన్నది మన ఒక్కరి నిర్ణయంతో తేలదు, పక్కవాళ్లు ఏం చేస్తారన్న దాన్నిబట్టి ఉంటుంది. బ్యాంకు ఆరోగ్యంగానే ఉన్నా, మునిగిపోతుందన్న పుకారు పుడితే డిపాజిటర్లు పొద్దున్నే వెళ్లి వరుసలో నిలబడతారు. అందరూ ఇంట్లో కూర్చుంటే ఎవరికీ నష్టం లేదు. కానీ మిగతావాళ్లు వరుసలో ఉంటే, ఇంట్లో కూర్చున్నవాడికి రూపాయి దక్కదు. భయపడటానికి పక్కవాడి భయమే చాలిన కారణం. డగ్లస్ డైమండ్, ఫిలిప్ డిబ్‌విగ్ 1983లో దీన్ని గణితంగా రాసి చూపించారు. 2022లో వాళ్లకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ప్యాక్-12లో సరిగ్గా అదే జరిగింది. 2022 జూన్ 30న లాస్ ఏంజిలిస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయాలు బిగ్ టెన్‌కి వెళ్తున్నామని ప్రకటించాయి. దాంతో లాస్ ఏంజిలిస్ ప్రేక్షకులు పోయారు. 2023 జులై 27న కొలరాడో పోయింది. మిగిలిన తొమ్మిదింటి ముందు ఆపిల్ సంస్థ ఇచ్చిన ఆఫర్ ఉంది, కానీ అందులో వచ్చే డబ్బు ఎంతమంది చందా కడతారన్న దాని మీద ఆధారపడింది. ప్రతి స్కూలూ ఒకటే లెక్క వేసుకుంది: నేను సంతకం పెట్టి, పక్కవాడు పెట్టకపోతే? ఇలాంటి పరుగు ఆపడానికే కాన్ఫరెన్స్‌లు సభ్యుల టీవీ హక్కుల్ని ముందే రాయించుకుంటాయి. సభ్యుడు వెళ్లిపోయినా అతని సొంత మైదానంలో జరిగే మ్యాచ్‌ల హక్కులు కూటమి దగ్గరే ఉంటాయి. ఏసీసీ అలా 2036 దాకా రాయించుకుంది. దాని మీద ఫ్లోరిడా స్టేట్, క్లెమ్‌సన్ కోర్టుకెక్కి, 2025లో రాజీ పడ్డాయి.

ఆలస్యంగా వరుసలోకి వచ్చినవాళ్లు ఎంత వదులుకున్నారో చూస్తే ఆ భయం లోతు తెలుస్తుంది. వాషింగ్టన్, ఒరెగాన్ మొదటి కొన్నేళ్లు మిగతా సభ్యుల కన్నా తక్కువ వాటాకి ఒప్పుకున్నాయి. స్టాన్‌ఫర్డ్, బర్కిలీ ఏసీసీలో మొదటి ఏడేళ్లు మిగతా సభ్యులకి వచ్చే టీవీ వాటాలో 30 శాతంతో సరిపెట్టుకుంటామన్నాయి. వాటితోపాటు చేరిన టెక్సస్ స్కూల్ ఎస్‌ఎంయూ అయితే తొమ్మిదేళ్లు టీవీ వాటా అసలే వద్దంది.

పెద్ద కూటమి వల్ల ఇంకో నష్టం కాగితం మీద కూడిక వేస్తేనే కనిపిస్తుంది. 2006 నుంచి 2010 దాకా ప్యాక్-10లో (ప్యాక్-12కి అప్పటి పేరు) పది జట్లు, ఒక్కొక్కరికి తొమ్మిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఆడేది, ఎవరు మొనగాడో మైదానంలోనే తేలేది. ఇప్పుడు బిగ్ టెన్‌లో 18 జట్లు. వాటి మధ్య 153 జతలు కుదురుతాయి. జట్టుకి తొమ్మిది మ్యాచ్‌లంటే మొత్తం 81. అంటే ఏటా 72 జతలు అసలు ఎదురుపడవు. ఒకే పట్టికలో పక్కపక్కన ఉన్న రెండు జట్లు చాలావరకు వేర్వేరు ప్రత్యర్థులతో ఆడి ఉండొచ్చు. పట్టిక పొడుగు పెరిగినకొద్దీ అది చెప్పే నిజం పలచబడుతుంది.

ఇక శరీరం సంగతి. దేశమంతా ఒకే గడియారంతో నడిచే మనకి ఈ ఇబ్బంది సులభంగా తట్టదు. లాస్ ఏంజిలిస్ నుంచి న్యూజెర్సీ సుమారు 3,900 కిలోమీటర్లు. గడియారం మూడు గంటలు ముందుకి జరుగుతుంది. యూసీఎల్‌ఏ, న్యూజెర్సీలోని రట్‌గర్స్ ఇప్పుడు ఒకే కాన్ఫరెన్స్‌లో ఉన్నాయి.

మన మెదడులో, రెండు కళ్ల నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, దాదాపు 20 వేల నాడీకణాల చిన్న గుంపు ఉంది. ఒంటికి అదే పెద్ద గడియారం. ఎప్పుడు నిద్ర రావాలి, ఎప్పుడు ఒంటి వేడి పెరగాలి, ఏ హార్మోన్ ఎప్పుడు విడుదలవ్వాలి అన్నది అది చెబుతుంది. వెలుతురుతో సరిచేయకుండా వదిలేస్తే దాని రోజు సగటున 24 గంటల కన్నా కొన్ని నిమిషాలు ఎక్కువ. అందుకే కాస్త ఆలస్యంగా పడుకోవడం తేలిక, ముందుగా పడుకోవడం కష్టం. పడమరకి ప్రయాణిస్తే రోజు సాగుతుంది, ఒళ్లు సర్దుకుంటుంది. తూర్పుకి వెళ్తే రోజు కుదించుకుపోతుంది, ఒళ్లు మొరాయిస్తుంది. గంట తేడాకి సుమారు ఒక రోజు చొప్పున సర్దుకుంటుందని స్థూలమైన లెక్క. కాలేజీ జట్టు మూడు రోజులు ముందే వెళ్లి కూర్చోలేదు, క్లాసులుంటాయి. ఒళ్లు అలవాటు పడేలోపే మ్యాచ్ అయిపోతుంది, ఆటగాళ్లు తిరుగు విమానం ఎక్కేస్తారు.

కండరాల బలం, చురుకుదనం సాధారణంగా సాయంత్రం వేళకి పెరుగుతాయి, ఒంటి వేడి కూడా అప్పుడే ఎక్కువ. దీన్ని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1997లో చక్కగా వాడుకున్నారు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో 25 సీజన్ల సోమవారం రాత్రి మ్యాచ్‌లు తీసుకున్నారు. అవి తూర్పు తీరం గడియారంలో రాత్రి 9 ప్రాంతంలో మొదలయ్యేవి. మ్యాచ్ ఎక్కడ జరిగినా పశ్చిమ తీరం ఆటగాడి ఒంటికి అది సాయంత్రం 6, తూర్పు తీరం ఆటగాడి ఒంటికి రాత్రి 9. పశ్చిమ జట్లు పందెం రాయుళ్ల అంచనాలని మించి ఆడాయి.

ఆ లెక్కనే తిరగేసి చూడండి. తూర్పున మధ్యాహ్నం 12కి మ్యాచ్ మొదలైతే, లాస్ ఏంజిలిస్ కుర్రాడి ఒంటికి అది ఉదయం 9. నిద్ర లేవడం, టిఫిన్, వార్మప్ అన్నీ అంతకుముందే కావాలి. అంటే ఒంటి గడియారం ప్రకారం తెల్లవారుజామున 5కే లేవాలి. బిగ్ టెన్ మ్యాచ్‌లు చూపించే ఫాక్స్ ఛానల్‌కి ఆ మధ్యాహ్నం 12 స్లాటే ముఖ్యమైంది.

2017లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన రవి అల్లాడ బృందం మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 20 సీజన్ల మ్యాచ్‌లు, 40 వేలకు పైగా, జల్లెడ పట్టింది. జెట్‌లాగ్ దెబ్బ తూర్పుకి ప్రయాణించినప్పుడే గట్టిగా కనిపించింది. బయటి ఊళ్లు తిరిగి సొంత మైదానానికి చేరిన జట్టు కూడా దెబ్బతింది, ముఖ్యంగా బేస్‌ల మధ్య పరుగులో. ప్రత్యేక విమానాలు, వైద్యులు, మంచి హోటళ్లు ఉన్న కోటీశ్వర ఆటగాళ్ల సంగతే అది. నార్త్‌వెస్టర్న్ కూడా బిగ్ టెన్ సభ్యురాలే.

ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒక్క మ్యాచ్ ఆడుతుంది, చార్టర్ విమానంలో వెళ్లొస్తుంది. టీవీ డబ్బు తెచ్చేది ప్రధానంగా అదే. వాలీబాల్, సాకర్, సాఫ్ట్‌బాల్ అమ్మాయిల సీజన్ వేరు. మ్యాచ్‌లు ఎక్కువ, కొన్ని వారం మధ్యలో పడతాయి. ఒక రాత్రిని ఊహించండి. న్యూజెర్సీలో మ్యాచ్ 9కి అయిపోయింది. స్నానం, బస్సు, విమానాశ్రయం. 11కి విమానం ఎక్కితే ఆరు గంటల ప్రయాణం. దిగేసరికి లాస్ ఏంజిలిస్‌లో రాత్రి 2, హాస్టల్ గదికి చేరేసరికి 3. ఉదయం 8కి కెమిస్ట్రీ ల్యాబ్. గడియారం మూడు గంటలు తిరిగి ఇచ్చినా, నిద్ర మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వరు.

నిద్ర విలువ ఎంతో స్టాన్‌ఫర్డ్‌లోనే చూశారు. షెరీ మా బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో 11 మంది బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు ఐదు నుంచి ఏడు వారాలు రోజూ 10 గంటలు మంచం మీద గడపడానికి ప్రయత్నించారు. వాళ్ల పరుగు వేగం పెరిగింది, ఫ్రీ త్రోల కచ్చితత్వం 9 శాతం పెరిగింది. చిన్న బృందం, పోల్చడానికి వేరే బృందం కూడా లేదు కాబట్టి ఆ 9ని శిలాశాసనంగా తీసుకోకూడదు. కానీ ఆ ఫలితం తెచ్చిన విశ్వవిద్యాలయమే ఇప్పుడు తన పిల్లల్ని బోస్టన్‌కీ, మయామీకీ పంపుతోంది. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

యూసీఎల్‌ఏ, బర్కిలీ రెండూ ఉన్న కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థ పాలకమండలి సభ్యులు దీన్ని కొంత గుర్తించారు. యూసీఎల్‌ఏ వెళ్లడానికి అనుమతిస్తూ, ఆటగాళ్ల తిండి, చదువు, మానసిక ఆరోగ్యం మీద అదనంగా ఖర్చుపెట్టాలని షరతు పెట్టారు. ఒకే వ్యవస్థలోని బర్కిలీకి ఏటా కోటి డాలర్లు చెల్లించాలని కూడా తర్వాత తేల్చారు. నష్టం ఉందని ఒప్పుకున్నట్టే.

నా ఉద్దేశంలో ఫుట్‌బాల్‌ని విడదీయాలి. అది ఏ కాన్ఫరెన్స్‌లో ఆడినా, మిగతా ఆటలు ఇరుగుపొరుగుతో ఆడాలి. ఇది కొత్త సంగతేమీ కాదు. నోటర్ డామ్ ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేదు, మిగతా ఆటల్లో చాలావరకు 2013 నుంచి ఏసీసీలో ఆడుతోంది. 2023 డిసెంబరులో, అప్పటి యూసీఎల్‌ఏ ఫుట్‌బాల్ కోచ్ చిప్ కెల్లీ కూడా బహిరంగంగా ఇదే సూచించాడు. అభిమానులు తమ వాదనలో ఈ దారిని కూడా చేర్చుకుంటే, ఏ పక్షం గెలిచినా ఆడేవాళ్లకి నష్టం తక్కువ.

అలా ఆడితే పోటీ పలచబడుతుందన్న భయానికి ఒక జవాబు ఇప్పటికే ఉంది. పురుషుల వాటర్ పోలోని బిగ్ టెన్ నిర్వహించదు, ఏసీసీ కూడా నిర్వహించదు. అందుకే యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, స్టాన్‌ఫర్డ్, బర్కిలీ జట్లు ఆ ఆటలో ఇంకా కలిసే, కాలిఫోర్నియాలోనే, మౌంటెన్ పసిఫిక్ అనే సమాఖ్యలో ఆడుతున్నాయి. 2024 జాతీయ ఫైనల్‌లో యూసీఎల్‌ఏ గెలిచింది. ఓడింది యూఎస్‌సీ.