పాత కాగితాలతో జంక్ జర్నల్: అపోహలు - వాస్తవాలు

జంక్ జర్నల్ అంటే పాత కాగితాలను కుట్టి, టికెట్లు, బిల్లుల్లాంటి జ్ఞాపకాలు అతికించుకునే పుస్తకం.

అపోహ: ముందుగా డిజైన్ పేపర్లు, స్టిక్కర్ల కిట్ కొనాలి.
వాస్తవం: పాత శుభలేఖ, పోయినేడాది క్యాలెండర్, కొరియర్ కవర్లు, సగం మిగిలిన నోటుపుస్తకం చాలు. ఆరు కాగితాలు మధ్యకు మడిచి ఒకదానిలో ఒకటి దూర్చితే 24 పేజీలు. శుభలేఖే అట్ట. పేజీలు దానికంటే అన్ని వైపులా 3 మి.మీ. చిన్నవిగా ఉండాలి. పేజీలను అట్టలో పెట్టి, రెండిటినీ కలిపి మడత మీద మూడు రంధ్రాలు చేయండి. దారం పుస్తకం ఎత్తుకు మూడింతలు తీసుకుని కొవ్వొత్తి మీద లాగితే చిక్కుపడదు. సూది లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి, పై రంధ్రంలో లోపలికి, మధ్యది వదిలేసి కింది రంధ్రంలో బయటికి, తిరిగి మధ్య రంధ్రంలో లోపలికి. లోపల ఉన్న పొడుగు కుట్టుకు చెరో పక్క ఒక్కో కొస ఉంచి ముడెయ్యండి.

అపోహ: అట్ట ఎటు మడిచినా ఒకటే.
వాస్తవం: బట్టకు పోగు ఉన్నట్టే కాగితానికీ ఉంటుంది. దాని పీచు ఒకే వైపుకు పరుచుకుని ఉంటుంది. పీచు వెంబడి మడిస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పగులుతుంది. రెండు వైపులా మెల్లగా వంచి చూడండి, సులువుగా వంగేదే పీచు దారి. స్కేలు పెట్టి, రీఫిల్ అయిపోయిన పెన్నుతో గీత నొక్కాకే మడవండి.

అపోహ: జిగురు ఎక్కువైతే గట్టిగా పడుతుంది.
వాస్తవం: కొత్తవాళ్ల పేజీలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. ఫెవికాల్‌లోని నీటికి కాగితం సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటూ కింది పేజీని తనవైపు లాగుతుంది. ముడతలు, వంపు అందుకే. బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు పల్చగా పూయండి. పైనా కిందా ప్లాస్టిక్ షీటు పెట్టి రాత్రంతా బరువు కింద ఉంచండి. అయినా వంగితే పేజీ వెనకా ఒక ముక్క అతికించండి, లాగుడు సరిసమానమవుతుంది. పల్చని కాగితాలకు గ్లూ స్టిక్ మేలు. మైదా జిగురు చౌకే గానీ బొద్దింకలకు అది విందు.

అపోహ: బస్సు టికెట్లు, బిల్లులు ఎప్పటికీ ఉంటాయి.
వాస్తవం: మిషన్లో వచ్చేవి చాలావరకు థర్మల్ కాగితాలు. వాటి మీద సిరా ఉండదు, వేడి తగిలినచోట పూత నల్లబడుతుంది, అంతే. గోటితో గట్టిగా గీయండి, నల్ల గీత పడితే అది థర్మలే. వెలుతురుకీ వేడికీ అక్షరాలు మాసిపోతాయి. వేడి లామినేషన్ చేయిస్తే టికెట్ మొత్తం నల్లబడుతుంది. జ్ఞాపకంగా దాచాలనుకుంటే ముందే జిరాక్స్ తీయించి, దాన్ని అతికించండి.

అపోహ: న్యూస్‌పేపర్ పసుపెక్కకుండా ఆపవచ్చు.
వాస్తవం: కలప నుంచి అందులోకి వచ్చే లిగ్నిన్ అనే పదార్థం గుణమే అది. ఆ రంగు అందమే, ఫొటోలకు ఆనించకుంటే చాలు.

అపోహ: పుస్తకం ఉబ్బి నోరు తెరిస్తే కుట్టు తప్పింది.
వాస్తవం: అతికించినవాటి మందానికి వెన్ను దగ్గర చోటు లేదంతే. ప్రతి మూడో ఆకును కోసేయండి. అయితే మడత దగ్గర 1 సెం.మీ. పట్టీ వదలాలి, లేకపోతే దాని జోడీ ఆకు కూడా ఊడి వస్తుంది.