ఉప్పునీరు దాటిన రెల్లు కప్పలు

హైపరోలియస్ డ్రూవెసి అన్న రెల్లు కప్ప పేరు 2016లో పుట్టింది. కప్ప మాత్రం ప్రిన్సిపె దీవిలో ఎప్పటినుంచో ఉన్నదే. అంతవరకు దాన్ని పొరుగునున్న సావో తొమె దీవి కప్పతో కలిపేసి, 1892లో జంతుశాస్త్రవేత్త బెద్రియాగా పెట్టిన హైపరోలియస్ మొల్లెరి పేరుతోనే లెక్కవేశారు. జీవశాస్త్రవేత్త రేనా బెల్ దాన్ని వేరు జాతిగా వర్ణించి, ఆ దీవుల జీవజాలాన్ని ఏళ్ల తరబడి శోధించిన రాబర్ట్ డ్రూస్ పేరు పెట్టారు. రెండు దీవుల మధ్య సుమారు 150 కిలోమీటర్ల సముద్రం ఉంది. ఇన్నాళ్లూ ఒకే పేరు ఎలా సరిపోయిందన్నదే ఆశ్చర్యం.

గినియా సింధుశాఖలోని ఈ దీవులు అగ్నిపర్వతాల నుంచి లేచినవి, ఆఫ్రికా భూభాగంతో ఎన్నడూ కలిసి లేవు. తీరం నుంచి 200 కిలోమీటర్లకు పైగా దూరం. కప్ప చర్మం నీటిని ఆపలేదు. ఉప్పునీటిలో పడితే ఒంట్లోని నీరు బయటికి పోయి చస్తుంది. నడిసముద్రపు దీవుల్లో కప్పలు కనిపించకపోవడానికి కారణం ఇదేనని డార్విన్ 1859లోనే రాశాడు. మరి ఇవెలా వచ్చాయి? ఎక్కువమంది ఒప్పుకునే వివరణ తెప్పలది. కాంగో వంటి మహానదులు వరదల్లో గట్లను కోసి, చెట్లూ చేమలూ పెళ్లగించి సముద్రంలోకి తోస్తాయి. వాటినే తెప్పలుగా చేసుకుని కప్పలు కొట్టుకొచ్చాయన్నమాట. నది మంచినీరు తేలిక కాబట్టి పైపొరగా చాలాదూరం పరుచుకుంటుంది, దాంతో ఉప్పదనం తగ్గుతుంది. రెల్లు కప్పల్లో ఫలదీకరణ శరీరం బయటే జరుగుతుంది, అందుకే ఒక్క ఆడది చేరితే చాలదు. మగది కూడా బతికి ఒడ్డెక్కాలి. వీటికి దగ్గరి చుట్టాలు మధ్య ఆఫ్రికాలోని హైపరోలియస్ సిన్నమోమియోవెంట్రిస్ సమూహంలో ఉన్నట్టు డీఎన్‌ఏ చెబుతోంది.

అసలు చిక్కు సావో తొమెలో ఉంది. అక్కడ మొల్లెరికి తోడు హైపరోలియస్ థొమెన్సిస్ కూడా ఉంది, 1886లో జంతుశాస్త్రవేత్త బొకాజ్ వర్ణించినది. హైపరోలియస్ ప్రజాతిలో అతి పెద్ద కప్పల్లో ఒకటి. పొట్ట మీద నారింజ, నలుపు, తెలుపు మచ్చలు. మొల్లెరి నిలవనీటి మీదికి వంగిన ఆకులపై గుడ్లు పెడుతుంది, తోటల్లోనూ బతుకుతుంది. థొమెన్సిస్‌కు మాత్రం పాత అడవిలో నీరు నిలిచిన చెట్టు తొర్ర కావాలి. తొర్ర లోపలి గోడకు, నీటికి కాస్త పైన గుడ్లు అంటిస్తుంది. తోకకప్పలు కింది నీటిలోకి జారతాయి.

రెల్లు కప్పల్ని రంగు చూసి పోల్చడం ప్రమాదం. చాలా జాతుల్లో పిల్లలది ఒక రంగు, పెద్ద ఆడవాటిది మరొకటి, మగవాటిలో కొన్ని పిల్లరంగుతోనే ఉండిపోతాయి. అందుకే పట్టిన వెంటనే, బతికుండగానే వీపు, పొట్ట, తొడల లోపలి భాగం ఫొటో తీయాలి. ఆల్కహాల్‌లో పచ్చరంగు త్వరగా వెలిసిపోతుంది. డీఎన్‌ఏ కోసం తీసిన కణజాలం ముక్కను ముందుగా 95 శాతం ఇథనాల్‌లో వేసి, ఆ తర్వాతే శరీరాన్ని కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్‌ ద్రావణంలో పెట్టాలి. క్రమం తారుమారైతే డీఎన్‌ఏ తునాతునకలవుతుంది. కూత రికార్డు చేసేటప్పుడు గాలి ఉష్ణోగ్రత రాసుకోకపోతే ఆ రికార్డుకు విలువ సగమే. చలిలో కూత వేగం తగ్గుతుంది, దాన్ని వేరే జాతి అనుకునే వీలుంది.

ఇంత చేసినా సావో తొమెలో రెండు జాతుల మధ్య గీత స్పష్టంగా పడదు. మొల్లెరి, థొమెన్సిస్ కలిసి సంకరాలు పుడుతున్నాయి. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది, కాబట్టి అదొక్కటే చదివితే సంకరం కూడా శుద్ధ జాతిలాగే కనిపిస్తుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక జన్యువుల్ని కూడా చూస్తేనే కలయిక బయటపడుతుంది. పంటల కోసం అడవి నరికిన చోట నీటిగుంటలు ఏర్పడి మొల్లెరి ఎత్తైన చోట్లకు పాకుతుంది, తొర్రలున్న ముసలి చెట్లు తగ్గి థొమెన్సిస్ ఇరుకున పడుతుంది. కాబట్టి ఈ దీవి పటంలో రెండు జాతులకు రెండు రంగులు పూసి మధ్యలో గీత గీయడం తప్పు. సంకరాలు దొరికిన చోట్లను విడిగా, సేకరించిన ఏడాదితో సహా గుర్తించాలి.