సైలెన్సరు సంగతి తరువాత, ముందు చైను పన్ను చూడండి

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

మీరు ఫోనులో పంపిన వీడియో రెండుసార్లు చూశాను. చెట్లు కోసే మిషను సైలెన్సరును విప్పి, దానికి డ్రిల్లుతో రెండు రంధ్రాలు వేసి, తోటంతా హోరెత్తుతుండగా అందులోని మనిషి పెద్ద దుంగను అరటిబోదెను కోసినట్లు కోసేశాడు. మన మిషనుకూ అలా చేద్దామా అని అడిగారు. ఫోనులో ముక్తసరిగా వద్దంటే మీరు వినరని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ వీడియోను మరొకసారి పెట్టి, మిషనును కాకుండా దాని కింద రాలుతున్న పొట్టును చూడండి. అది పిండిలా లేదు; కొబ్బరికోరులా పొడవుగా, రేకులు రేకులుగా పడుతోంది. అంటే మిషను మీద తిరిగే ఆ పళ్ళ చైను బాగా పదునుగా ఉన్నదన్నమాట. మీరు సైలెన్సరు మహిమ అనుకున్నదానిలో అధికభాగం ఆ పదునుదే.

ఈ తేడా నాకు 2018 అక్టోబరులో తెలిసివచ్చింది. ఆ నెల 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసినప్పుడు, నేను ఒక మిషను అరువు తెచ్చుకొని తోట శుభ్రం చేయబూనాను. మొదటి గంట బాగానే సాగింది. కొబ్బరి మాను లోపల మెత్తనైనా పైపొర చాలా గట్టిది. పైగా పడిపోయిన మాను ఒంటినిండా ఇసుకే. మధ్యాహ్నానికి పొట్టు పిండిగా మారింది, నేను మిషను మీద బరువు వేసి నొక్కడం మొదలుపెట్టాను, చైను చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పలక, అంటే బారు, వేడెక్కి అంచు నీలం తిరిగింది, కోత నిలువుగా దిగక ఒక పక్కకు వంగిపోయింది. ఇంజనులో బలం లేదని దానిని తిట్టాను. ఇంజను తప్పేమీ లేదు; పళ్ళు మొద్దుబారి, ఒక వైపువి పొట్టిగా, మరొక వైపువి పొడవుగా ఉన్నాయి.

ఈ పళ్ళ వెనుక ఒక ముచ్చటైన కథ ఉంది. వెనకటి చైన్లకు చేతిరంపం పళ్ళ వంటివే ఉండేవి. అవి కలపను గీరేవి, తరచుగా పదును పెట్టవలసివచ్చేది. 1946లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో జో కాక్స్ అనే కట్టెల కోత మనిషి, ఒక మోడులో కలపను తొలిచే పురుగు పిల్లను గమనించాడు. వేలెడంత ఉన్న ఆ పురుగు తన రెండు దవడలతో కుడికీ ఎడమకూ మార్చిమార్చి కొరుకుతూ కలప పోగుకు అడ్డంగానూ నిలువుగానూ అలవోకగా సాగిపోతోంది. ఆ దవడల ఆకారంలోనే ఆయన ఒక కుడి పన్ను, ఒక ఎడమ పన్ను ఉండే చైను చేసి, 1947లో పోర్ట్‌లాండ్‌లో వ్యాపారం పెట్టాడు. ఇప్పుడు మన మిషను మీద ఉన్నదీ ఆ వంశానిదే.

ఆ పన్నును వడ్రంగి చిత్రిక పట్టే పనిముట్టుతో పోల్చుకోండి. వెనుక ఉన్న వంపు తిరిగిన అంచు చెక్కును లేపుతుంది. ముందు గూనిలా ఉండే చిన్న ముక్క ఆ అంచు ఎంత లోతుకు దిగాలో నిర్ణయిస్తుంది. దానినే డెప్త్ గేజ్ అంటారు. చాలా చైన్లలో గూని అంచు కంటే 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉంటుంది. పన్ను పైరేకు వెనక్కి వాలుగా ఉంటుంది కనుక, ఆకురాయి పట్టిన కొద్దీ పన్ను వెనక్కి జరగడమే కాక ఎత్తు కూడా తగ్గుతుంది. అప్పుడు గూనిని కూడా కాస్త దించకపోతే, ఎంత పదును పెట్టినా అంచు కలపను అందుకోదు. అలాగని ఎక్కువ దించితే పన్ను అందినంత కరుచుకొని మిషను ఎగిరిపడుతుంది, ముఖ్యంగా బారు ముక్కు పైభాగం తగిలినప్పుడు ముఖం మీదికే వస్తుంది. అందుకే ఈ ఒక్క పనిని కంటి అంచనాతో కాక, అంగడిలో దొరికే చిన్న గేజు పెట్టుకొనే చేయాలి.

ఇక ఆకురాయి పట్టడం. మిషనును స్టార్టు చేసే వయసు మీకింకా రాలేదు, కాని ఇది ఇప్పుడే నేర్చుకోవచ్చు. ముందు స్పార్కు ప్లగ్గు టోపీ ఊడదీసి, చేతులకు తొడుగులు వేసుకొని, బారును వైసులో బిగించాలి. గుండ్రటి ఆకురాయి చైను కొలతకు, అంటే లింకుల ఎడానికి, తగినదే కావాలి: 0.325 అంగుళాల చైనుకు 4.8 మి.మీ., 3/8 అంగుళాల లో-ప్రొఫైల్ (పొట్టి పళ్ళ) చైనుకు 4 మి.మీ. ఆకురాయిలో అయిదో వంతు పన్ను అంచుకు పైన కనిపించాలి. సాధారణంగా 30 డిగ్రీల కోణంలో, లోపలి నుంచి బయటికి తొయ్యాలి. వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తి తేవాలి. ముందుకూ వెనక్కూ రాస్తే ఆకురాయి పాడవడం తప్ప ప్రయోజనం లేదు. అన్నిటికంటే పొట్టి పన్నును వెతికి దానికి మొదట పెట్టి, మిగిలినవాటిని దాని పొడవుకు తేవాలి. ఒక వైపు పళ్ళన్నీ అయ్యాక రెండో వైపుకు తిరగాలి. పెట్రోలు పోసిన ప్రతిసారీ రెండు మూడు రుద్దులు చాలు. ఇసుకగాని, మేకుగాని తగిలితే మాత్రం అప్పటికప్పుడే ఆపి చూసుకోవాలి.

సైలెన్సరు గురించి కూడా నిజం చెప్పాలి. రంధ్రం పెద్దదైతే కాలిన వాయువు త్వరగా బయటపడి, కొంత బలం పెరిగే మాట వాస్తవమే. కాని అప్పుడు ఇంజను ఎక్కువ గాలి పీలుస్తుంది, పెట్రోలు మాత్రం అంతే వస్తుంది. ఇది టూ-స్ట్రోకు ఇంజను. దీనికి కందెన వేరే లేదు, లీటరు పెట్రోలులో కలిపే 20 మిల్లీలీటర్ల నూనే దిక్కు. పెట్రోలు వంతు తగ్గితే నూనె వంతూ తగ్గి, వేడి పెరిగి, పిస్టను సిలిండరును గీరి పట్టేస్తుంది. అందుకని కార్బొరేటరులో పెద్ద వేగపు స్క్రూ తిప్పి పెట్రోలు పెంచాలి. నేటి మిషన్లలో చాలావాటికి ఆ స్క్రూ కొంత మేరకు మించి తిరగకుండా టోపీ ఉంటుంది. రంధ్రం వేసేవాళ్ళు నిప్పురవ్వలను ఆపే జాలీని కూడా తీసి పారేస్తుంటారు. ఎండాకాలం జీడితోటలో ఎండుటాకు ఎంత మందాన పరుచుకొని ఉంటుందో మీకు తెలుసు కదా! మామూలు సైలెన్సరుతోనే ఈ మిషను చప్పుడు చెవి దగ్గర 100 డెసిబెల్స్ దాటుతుంది. నా ఎడమ చెవికి ఇప్పుడు మీ అమ్మమ్మ పిలుపు వినపడదు, అది పూర్తిగా నా అశ్రద్ధే.

అయినా సైలెన్సరు విప్పి చేయవలసిన పని ఒకటున్నది. ఆ జాలీకి మసి పట్టి మూసుకుపోతే మిషను ఊపిరాడనట్లు ఆయాసపడుతుంది. దాన్ని విప్పి, ఇత్తడి బ్రష్షుతో రుద్ది, తిరిగి బిగిస్తే పోయిన బలం తిరిగివస్తుంది. గాలి ఫిల్టరు కూడా అదే పూట దులపవచ్చు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు 4.8 ఆకురాళ్ళు రెండు తీసుకురండి. అంగడివాడు ఏదో ఒకటి చేతిలో పెట్టకుండా, మన బారు మీద చెక్కిన అంకెల ఫొటో ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. అది చూపించి అడగండి. నా పాతది నున్నబడిపోయి, పన్ను మీద జారుతోంది.

ఇట్లు,
మీ తాతయ్య