పిల్లి మూత్రం, వెల్లుల్లి రెబ్బ

"రెండేళ్ళుగా బుద్ధిగా ఇసుక ట్రేలోనే పోస్తున్న మా మగ పిల్లి, నెల రోజులుగా సోఫా మీద, ఉతికి మడతపెట్టిన బట్టల మీద, మావారి సూట్‌కేసు మీద పోస్తోంది. మేము పది రోజులు ఊరెళ్ళి వచ్చినందుకు పగబట్టిందని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?" కాకినాడ నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న ఇది.

పాములు పగబడతాయనే మాటనే ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు, ఇప్పుడు పిల్లిని కూడా ఆ జాబితాలో చేర్చడం అన్యాయం. పగ తీర్చుకోవాలంటే, తన మూత్రం వాసన మనకు రోతగా ఉంటుందని పిల్లికి ముందు తెలియాలి కదా! ఆ వాసన దానికి ఇంటిపేరు లాంటిది. ఇంటిపేరు చెప్పుకుంటే ఎదుటివాళ్ళు ముక్కు మూసుకుంటారని ఎవరికి మాత్రం తోస్తుంది?

మగ పిల్లి అన్నారు కాబట్టి మిగతా కబుర్ల కంటే ముందు ఒక ముఖ్యమైన మాట. పిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతూ, అరుస్తూ ఉండి, ఒక్క చుక్క కూడా రాకపోతే ఈ వ్యాసం పక్కన పడేసి వెంటనే పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తండి. మగ పిల్లి మూత్రనాళం చివర బాగా సన్నబడుతుంది. అక్కడ స్ఫటికాలో జిగురు ముద్దో అడ్డుపడితే మూత్రం వెనక్కి తన్నుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగిపోవచ్చు. మలబద్ధకం కాబోలని ఆముదం పట్టిస్తూ కూర్చుంటే పిల్లి దక్కదు.

చుక్కలు చుక్కలుగా, అక్కడింత ఇక్కడింత పోస్తున్నా వైద్యుడికి చూపించాల్సిందే. తమాషా ఏమిటంటే, ఇలా మూత్రం ఇబ్బందితో వైద్యుడి దగ్గరకు వచ్చే, వయసులో ఉన్న పిల్లుల్లో సగానికి పైగా, పరీక్షలన్నీ చేసినా రాయి కనబడదు, సూక్ష్మజీవులు కనబడవు. మూత్రాశయం మాత్రం వాచి ఉంటుంది. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన టోనీ బఫింగ్టన్ దశాబ్దాల పాటు ఈ చిక్కుముడితోనే కుస్తీ పట్టారు. పిల్లులకు తిండి పెట్టే వేళను, పెట్టే మనిషిని మార్చి చూస్తే, జబ్బున్న పిల్లులే కాదు, ఆరోగ్యంగా ఉన్నవి కూడా ట్రే బయట పోయడం మొదలుపెట్టాయి. అంటే అత్తగారు సగం కరెక్టే. ఊరెళ్ళడం కారణం కావచ్చు. పగ అన్నదే ఆవిడ కల్పన.

ఇక నాకు అసలు ఇష్టమైన సంగతికి వస్తాను. వాసన.

వెల్లుల్లి రెబ్బను ఒలిచి వాసన చూడండి. దాదాపు ఏమీ ఉండదు. రోట్లో వేసి ఒక్క పోటు వేయండి, వంటిల్లంతా ఘాటు. రెబ్బలో అలియిన్ అనే గంధకమున్న అమైనో ఆమ్లం ఒక గదిలో, అలినేజ్ అనే ఎంజైము పక్క గదిలో ఉంటాయి. రోకలి పోటుకు మధ్య గోడ కూలి రెండూ కలుస్తాయి, అల్లిసిన్ పుడుతుంది, ఘాటు పుడుతుంది. ఆవాల కథా ఇంతే. పదో తరగతిలో ఎంజైముల పాఠం చెప్పేటప్పుడు లాలాజలం, పిండి, అయోడిన్ చుక్కలతో తంటాలు పడే బదులు పిల్లలకు తలా ఒక వెల్లుల్లి రెబ్బ ఇస్తే ఆ పాఠం జన్మలో మరిచిపోరని నా నమ్మకం.

పిల్లి మూత్రంలోనూ గంధకమున్న ఒక అమైనో ఆమ్లం ఉంది. దాని పేరే ఫెలినిన్. దానికీ స్వతహాగా వాసన లేదు. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, దారి మెలికలు తిరుగుతుంది. పిల్లి ఒంట్లో కొలెస్టరాల్ తయారీ బాటలో పుట్టే ఒక ముక్కకు గ్లూటాథయోన్ అనే మూడు అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అతుక్కుంటుంది. ఆ జంటను కత్తిరిస్తూ పోతే 3-మిథైల్‌బ్యుటనాల్-సిస్టీనైల్‌గ్లైసిన్ మిగులుతుంది. మూత్రపిండంలో కాక్సిన్ అనే ఎంజైము దాని తోకనున్న గ్లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని తెంచేస్తుంది. మిగిలినదే ఫెలినిన్. అది బయటపడ్డాక గంటలు, రోజులు గడిచే కొద్దీ విరుగుతూ 3-మెర్కాప్టో-3-మిథైల్-1-బ్యుటనాల్ అవుతుంది. మీ సోఫాలోంచి వచ్చే కంపు అదే. ఇలాంటి గంధకపు పదార్థాలను మెర్కాప్టాన్లంటారు. ఈ కుటుంబం పేరు చెబితే తెలియకపోవచ్చు కానీ మీ ముక్కుకు బాగా పరిచయం. వంటగ్యాసుకు సొంత వాసన లేదని, లీకైతే తెలియాలని అందులో కలిపే ఇథైల్ మెర్కాప్టాన్ ఈ కుటుంబంలోదే. వేయించిన కాఫీ గింజల పరిమళంలో కూడా పిల్లి కంపుకు దగ్గరి చుట్టం ఒకటి అతి స్వల్పంగా ఉంది. రేపు ఉదయం డికాక్షన్ దించేటప్పుడు నన్ను తిట్టుకోకండి.

కాక్సిన్‌ను పట్టుకున్నది జపాన్ శాస్త్రవేత్త మసావో మియజాకి బృందం. మూత్రంలో ప్రొటీను పోతోందంటే మనకైనా కుక్కకైనా మూత్రపిండాలు దెబ్బతిన్నాయని అనుమానిస్తాం. నిక్షేపంలా ఉన్న పిల్లుల మూత్రంలోనూ ప్రొటీను దండిగా కనబడటం వింతగా తోచి, వెతికితే ఈ ఎంజైము దొరికింది. దాన్ని 2003లో ప్రకటించారు. ఫెలినిన్ తయారీలో దాని పాత్రను 2006లో తేల్చారు.

వెల్లుల్లి పోలిక ఒకచోట చెల్లదు. వెల్లుల్లి ఘాటు పురుగుల్ని తరమడానికి. పిల్లిది చాటింపు. ఫెలినిన్‌కు కావలసిన గంధకం మాంసం తింటేనే దొరికే ఖరీదైన సరుకు. దాన్ని గోడలపాలు చేయగలిగిన గండుపిల్లి, తనకు ఎలుకలకు కొదవలేదని డాబు పోతోందని ఒక ఊహ. అందుకు తగ్గట్టే కాక్సిన్, ఫెలినిన్ రెండూ గండుపిల్లుల్లోనే ఎక్కువ. వృషణాలు తీయిస్తే రెండూ పడిపోతాయి. తోక నిటారుగా లేపి గోడ మీద చిమ్మే అలవాటు కూడా సుమారు పదింట తొమ్మిది పిల్లుల్లో తగ్గిపోతుంది. పులి గుర్తుగా చిమ్మే ద్రవానిది మరో దారి. కోల్‌కతాకు చెందిన రతన్‌లాల్ బ్రహ్మచారి అందులో 2-ఎసిటైల్-1-పైరోలిన్‌ను కనిపెట్టారు. బాస్మతి బియ్యానికి ఆ సువాసన ఇచ్చేది ఆ పదార్థమే! ఇక తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పులిమే తైలాన్నిచ్చే పునుగు పిల్లి, పేరుకే పిల్లి. దాని కుటుంబం వేరు.

వెల్లుల్లి ఒలిచిన చేతిని సబ్బుతో కడిగినా మర్నాడు వాసన వస్తుంది చూశారా? సోఫా విషయంలో దానికి పదింతలు. పిల్లి ఎడారి జంతువుల వారసురాలు, మన మూత్రం కంటే రెండు రెట్లకు పైగా చిక్కటి మూత్రం పోస్తుంది. పైన తుడిస్తే తడి పోతుంది, దూదిలోకి దిగిన ఫెలినిన్ అలాగే ఉండి తీరిగ్గా విరుగుతుంది. మూడో రోజు కంపు "మళ్ళీ వచ్చింది" అంటాం. అది మళ్ళీ రావడం కాదు, అప్పుడే తయారవడం.

మనవాళ్ళు వెంటనే ఫినాయిలు సీసా అందుకుంటారు. దయచేసి వద్దు. నల్ల ఫినాయిల్లో ఉండే ఫినాల్ జాతి పదార్థాలను మన కాలేయం గ్లూక్యురోనిక్ ఆమ్లమనే చక్కెర జాతి పదార్థానికి కట్టి బయటికి పంపేస్తుంది. ఆ కట్టే పని చేసే ఎంజైముల్లో ముఖ్యమైన యూజీటీ1ఏ6 తాలూకు జన్యువు పిల్లిలో పాడైపోయి పడి ఉంది. తడి నేల మీద నడిచి, పంజా నాకిందా, విషం ఒంట్లోనే తిరుగుతుంది. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలగడానికీ ఇదే ముఖ్య కారణం. బ్లీచింగ్ ద్రవమూ వద్దు, మూత్రంలోని అమోనియాతో కలిసి ఊపిరాడనివ్వని క్లోరమైన్ వాయువులను పుట్టిస్తుంది. పెంపుడు జంతువుల దుకాణాల్లో ఎంజైములతో చేసిన ద్రవాలు దొరుకుతాయి. మూత్రం ఎంత లోతుకు దిగిందో అంత లోతుకు దిగేలా పోసి, గంటల తరబడి తడిగా ఉంచాలి. చల్లి తుడిచేస్తే డబ్బు దండగ.

ముందు చోటు తెలియాలి కదా. దొంగనోట్లు పట్టే నీలి టార్చి కొని, రాత్రి దీపాలార్పి మా హాల్లో మోకాళ్ళ మీద పాకాను. సోఫా కాలి పక్కన, పరదా అంచున, షూ బీరువా మూలన లేత పసుపు మరకలు మెరిశాయి. నాకు తెలిసినవి రెండు, దొరికినవి ఏడు. మా పిల్లి నా వెనకే వచ్చి ఒక్కొక్కటీ వాసన చూసి, పై పెదవి లేపి, నోరు సగం తెరిచి కాసేపు నిలబడింది. అంగిట్లో ఉన్న రెండో ముక్కుకు వాసన అందించే పద్ధతి అది.

కాకినాడ పాఠకురాలిని ట్రే ఎక్కడుందని అడిగాను. స్నానాలగదిలో, రెండు నెలల క్రితం కొన్న వాషింగ్ మెషీన్ పక్కన. పైగా మల్లెల పరిమళం కలిపిన ఇసుక. మన ముక్కుకు మల్లెలు, పిల్లి ముక్కుకు తలనొప్పి. కూర్చున్న నిమిషానికి పక్కన మెషీన్ గుడగుడలాడితే ఎవరికి సాగుతుంది? వైద్యుడు పరీక్షించి మూత్రాశయం వాచిందని మందు రాశారట. ట్రేను బాల్కనీ మూలకు మార్చి, పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లుండే మరో ట్రే పడకగదిలో పెట్టి, రెండింట్లోనూ వాసన లేని సన్నటి ఇసుక పోశారు. రెండు వారాల్లో దారికొచ్చింది.

సూట్‌కేసు మాత్రం దక్కలేదు, డాబా మీద పడేశారట. ఎండ కాసినంత కాలం ఏమీ లేదు. మొన్న ముసురు పట్టిన రోజున, గ్యాసు లీకవుతోందేమో చూసుకోండంటూ పక్కింటివాళ్ళు తలుపు కొట్టారట.