మార్చ్ అంటే పరేడ్ కాదు: మాజీ సైనికుల స్మారక నడకపై అపోహలు - వాస్తవాలు

జూలై వచ్చిందంటే నా ఫోన్‌కు తీరిక ఉండదు. 26న కార్గిల్ విజయ్ దివస్. మళ్లీ డిసెంబర్ 16న, 1971 యుద్ధం గెలిచిన రోజు. ఏటా ఈ రెండు రోజులూ తిరుపతి వీధుల్లో మాజీ సైనికులం నడుస్తాం. నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా పనిచేసి హవల్దార్‌గా బయటికొచ్చాను. రూటు ఎవరు చూసినా, బ్యాండువాళ్లతో బేరం ఎవరాడినా, చివరి వరుస వెనక ఫస్ట్ ఎయిడ్ సంచి మోసేది మాత్రం నేనే. ఎవరి నడక తేడాగా ఉందో వెనకనుంచే బాగా తెలుస్తుంది. అడిగినవాళ్లకల్లా అవే జవాబులు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. ఈసారి రాసి పెడుతున్నా.

అపోహ: "ఫౌజీకి మూడు కిలోమీటర్లు ఒక లెక్కా?"

ఈ మాట నాతో అన్నవాళ్లలో ముగ్గురిని నేనే రోడ్డు మీద పడుకోబెట్టి కాళ్లు పైకెత్తాను. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే చెబుతా.

ముందు లెక్కే చూద్దాం. తేజ్ చల్ అంటే ఫౌజీ వేగపు నడక, నిమిషానికి 120 అడుగులు, ఒక్కో అడుగు 30 అంగుళాలు. నిమిషానికి 91 మీటర్లు పడుతుంది. ఆ లెక్కన మూడు కిలోమీటర్లు 33 నిమిషాల్లో అయిపోవాలి. అది రిక్రూట్ లెక్క. 1971లో ఇరవై ఏళ్లున్న కుర్రాడికి ఇప్పుడు డెబ్బై దాటాయి. మోకాళ్లు అరిగాయి, బీపీ మాత్ర ఒకటి, షుగర్ మాత్ర ఒకటి. బ్యాండువాళ్లు ఊపుమీద వాయిస్తుంటే ఆ పాత కాలు తనంతట తనే దరువు అందుకుంటుంది. గుండె అందుకోదు. అందుకే మేం డప్పు నెమ్మదిగా కొట్టమంటాం, మూడు కిలోమీటర్లకు గంటా పది నిమిషాలు పెట్టుకుంటాం.

అసలు విషయం ఏమిటంటే, మావాళ్లు ఎక్కువగా పడిపోయేది నడుస్తూ కాదు, నిలబడి. నడిచేటప్పుడు పిక్కల కండరాలు బిగిసి వదులుతూ రక్తాన్ని పైకి తోస్తాయి. కదలకుండా నిలబడితే ఆ పని ఆగిపోతుంది, రక్తం కాళ్లలోకి దిగి అక్కడే ఉండిపోతుంది. పైన ఎండ, లోపల నీళ్లు లేవు. మెదడుకు రక్తం తగ్గి కళ్లు బైర్లు కమ్ముతాయి. పాతికేళ్ల జవాన్లే రిహార్సల్స్‌లో ఇలా పడిపోవడం చూశాను.

కొన్నేళ్ల కింద ఒక జూలై 26. చంద్రగిరి వైపు పల్లె నుంచి బంగ్లాదేశ్ యుద్ధం చూసిన సుబేదార్ సాబ్ ఒకాయన మొదటి బస్సుకే వచ్చేశారు. బ్లేజరు, బెరే టోపీ, ఎడమవైపు వరుసగా మెడల్స్. ముఖ్య అతిథి గంటా ఇరవై నిమిషాలు ఆలస్యం. ఎనిమిదిన్నరకే ఉక్కపోత. కెమెరాలు వచ్చాయి, సావధాన్‌లో నిలబడండి అని ఎవరో అన్నారు. ముందు వరుసలో సుబేదార్ సాబ్ కొయ్యలా నిలబడ్డారు. నేను సరిగ్గా ఆయన వెనకే ఉన్నా. మెడల్స్ ఒకదానికొకటి తగిలి సన్నగా చప్పుడు చేస్తున్నాయి. నడక లేదు, గాలి లేదు. ఆయన వణుకుతున్నారు! నేను చెయ్యి వేసేలోపే కూలిపోయారు.

ఇక మనవాళ్ల వైద్యం మొదలైంది. ఒకరు తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు. ఇంకొకరు సోడా మూత తీసి నోట్లో పోయబోయారు. అందరినీ పక్కకు తోసి, వెల్లకిలా పడుకోబెట్టి, బ్యాండువాళ్ల పెద్ద డ్రమ్ము లాగి కాళ్లు దానిమీద పెట్టాను. నిమిషంలో కళ్లు తెరిచారు. మొదటి మాట, "టోపీ యాడ?" రక్తంలో చక్కెర చూస్తే 52, బాగా తక్కువ. గ్లూకోజ్ కలిపి తాగించాను. తెల్లవారి ఐదింటికి షుగర్ మాత్ర వేసుకున్నారట, మార్చ్ అయ్యాక ఎట్లాగూ ఇడ్లీ పెడతారని ఏమీ తినలేదట. నీళ్లైనా తాగి ఉండాల్సింది కదా సార్ అన్నాను.

"దోవలో ఒంటికి వస్తే యాడికి పోవాల నాయనా?"

అప్పటిదాకా నాకు తట్టనేలేదు. డెబ్బై ఏళ్ల మగాళ్లు, సగం మందికి ప్రోస్టేట్ బాధ. ముందురోజు రాత్రి నుంచే నీళ్లు మానేసి వస్తున్నారు. కొందరు బీపీకి ఇచ్చే, నీరు పోయే మాత్ర కూడా ఆ పూట మానేస్తున్నారు. తప్పు వాళ్లది కాదు, రూటు గీసిన మాది. ఇప్పుడు రూటు గీసేముందు దారిలో ఒక కల్యాణ మండపాన్నీ ఒక లాడ్జినీ అడిగి బాత్రూములు తెరిపించి ఉంచుతున్నాం. నీళ్ల సీసాలు పంచడం కంటే ఇదే ఎక్కువ పనిచేసింది.

నిర్వాహకులకు నేను చెప్పేది: టిఫిన్ నడకకు ముందే పెట్టండి. ఉపన్యాసాలన్నీ చివర్లో, కుర్చీలు, నీడ ఉన్నచోట పెట్టుకోండి. ముఖ్య అతిథి రాలేదా, బయల్దేరండి, ఆయనే దారిలో కలుస్తాడు. జాతీయ గీతం 52 సెకన్లు, మౌనం రెండు నిమిషాలు. అంతకు మించి ఎవరినీ సావధాన్‌లో ఉంచే పని లేదు.

నడిచేవాళ్లకు: ఆ పూట మాత్రల సంగతి రెండు రోజుల ముందే మీ డాక్టరును అడగండి, సొంతంగా మానకండి. గ్లిమెపిరైడ్ లాంటివో ఇన్సులినో వాడేవాళ్లు తినకుండా రావద్దు. జేబులో చాక్లెట్లు పెట్టుకోండి. కొత్త బూట్లు వద్దు. షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లకు బొబ్బ లేచినా తెలియదు, ఇంటికెళ్లి సాక్సు విప్పాకే రక్తం కనిపిస్తుంది. నిలబడక తప్పకపోతే బూట్ల లోపల వేళ్లు ఆడించండి, మడమలు కాస్త ఎత్తి దించండి. ఎవరికీ కనిపించదు. కళ్లు తిరిగినట్టుంటే వెంటనే కూర్చోండి. మాటకు పలకని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు. కాళ్లెత్తి పెట్టినా ఒకటి రెండు నిమిషాల్లో తేరుకోకపోయినా, ఛాతీలో నొప్పి అన్నా 108కి ఫోన్ చేయండి.

అపోహ: "నడవలేనివాడు కుర్చీలో కూర్చుంటే నామోషీ"

1971లో 5/1 గూర్ఖా రైఫిల్స్‌ను నడిపి మహావీర్ చక్ర అందుకున్న మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ గారు మన తిరుపతివారే. ఆ యుద్ధానికి యాభై ఏళ్ల సందర్భంగా 2021 ఫిబ్రవరిలో విజయ జ్వాల తిరుపతికి వచ్చినప్పుడు అప్పటి ముఖ్యమంత్రే ఆయన ఇంటికి వెళ్లి సత్కరించారు. అంత పెద్దాయన విషయంలో లేని నామోషీ మనకెందుకు? మేం ఇప్పుడు పెద్దవాళ్లను నడక ముగిసేచోట షామియానా కింద కూర్చోబెడుతున్నాం. నడిచేవాళ్లంతా వాళ్ల ముందుకొచ్చి దాహినే దేఖ్, అంటే తల కుడివైపు తిప్పి వందనం చేస్తారు. మొదటి ఏడాది కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయి. రెండో ఏడాదికి చాలలేదు.

అపోహ: "ర్యాలీకి రాకపోతే పెన్షన్ ఆగిపోతుంది"

వాట్సాప్‌లో ఈ వాయిస్ మెసేజ్ మొదలుపెట్టిన మహానుభావుడెవరో నాకు దొరకలేదు, దొరికితే వదలను. హాజరుకూ పెన్షన్‌కూ, ఈసీహెచ్‌ఎస్ వైద్య కార్డుకూ, క్యాంటీన్ కార్డుకూ ఏ సంబంధమూ లేదు. పెన్షన్‌కు కావలసింది ఏడాదికోసారి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్. అది రక్షణ శాఖ పెన్షన్ల స్పర్శ్ పోర్టల్‌లోనో, జీవన్ ప్రమాణ్‌లోనో ఇస్తారు. ర్యాలీలో దిగిన ఫొటో దానికి పనికిరాదు. పేరు నమోదుకు డబ్బు అడిగితే ఇవ్వకండి, మార్చ్‌కు ఫీజు ఉండదు.

నవ్వులాటగా కొట్టిపారేద్దామంటే మనసొప్పదు. పలమనేరు నుంచి ఒక వీర నారి (చనిపోయిన సైనికుడి భార్య) ఫోన్ చేసింది. "మోకాళ్లు నొప్పులన్నా, రాకపోతే ఆపేస్తారంటనే?" అంది. ఆమెకున్న ఆధారం ఆ పెన్షనొక్కటే. వద్దమ్మా, హాయిగా ఇంట్లో ఉండు అని చెప్పాను. భయం తీరాక డిసెంబర్‌లో తనంతట తనే వచ్చింది, కర్చీఫులో భర్త మెడల్స్ మూటగట్టుకుని. ఏ పక్క పెట్టుకోవాలని అడిగింది. సొంత మెడల్స్ ఎడమవైపు, పోయినవారివి కుటుంబసభ్యులు పెట్టుకుంటే కుడివైపు. శాలువాకు కుడివైపు నేనే పిన్ను గుచ్చాను.

మిగతావి గబగబా చెప్పేస్తా.

యుద్ధం చేసినవాళ్లే నడవాలని లేదు. వంటవాడు, డ్రైవరు, సిగ్నల్స్, స్టోర్ కీపర్, అందరూ మాజీ సైనికులే. "నేను ఏఎస్‌సీలో (సరఫరా విభాగంలో) ట్రక్కు తోలానంతే సార్" అని వెనక్కి తగ్గేవాళ్లకు ఒకటే అడుగుతా, నీ ట్రక్కు రాకపోతే పైన కొండల్లో ఉన్న జవాను ఏం తినేవాడు?

యూనిఫాం వద్దు. తెల్లచొక్కా, బ్లేజరు, బెరే, మెడల్స్ చాలు. ఉత్సాహంతో కమాండో డ్రస్సు వేసుకొచ్చే కుర్రాళ్లూ, జాగ్రత్త. సైనికుడు కానివాడు సైనికుడని నమ్మించడానికి ఆ దుస్తులు వేస్తే భారతీయ న్యాయ సంహితలో 168వ సెక్షన్ ఉంది, మూడు నెలల దాకా జైలు.

మాజీ సైనికులకు పర్మిషన్ అక్కర్లేదనేది ఒట్టి మాట. ఊరేగింపులను నియంత్రించే అధికారం 1861 పోలీస్ చట్టం 30వ సెక్షన్ కింద పోలీసులకు ఉంది. మైకుకు వేరే అనుమతి తీసుకోవాలి. తిరుపతిలో ఇంకో చిక్కు, వైకుంఠ ఏకాదశి డిసెంబర్‌లో పడితే బందోబస్తుకే పోలీసులు చాలరు. నెల ముందే అర్జీ పెట్టుకోండి. జనవరి 14 వెటరన్స్ డే, 1953లో అదే రోజు మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి కరియప్ప గారు రిటైరయ్యారు. అయితే మనకది భోగో సంక్రాంతో అవుతుంది, ఎవరూ ఇల్లు కదలరు. మేం పండగ దాటాకే కలుస్తాం.

జాతీయ జెండా నడిచేవాళ్ల వరుసకు కుడిపక్కన గానీ, వేరే జెండాల వరుస ఉంటే దాని ముందు మధ్యలో గానీ ఉండాలి. జీపు బానెట్ మీద పరచకూడదు, నేలకు తాకకూడదు. వంద మీటర్ల గుడ్డ పట్టుకుని పిల్లల్ని ఎండలో నడిపించే సరదా మానుకోండి. జెండా పొడవు వెడల్పులు 3:2లో ఉండాలని ఫ్లాగ్ కోడ్ చెబుతోంది, మీరు పట్టుకున్నది ఆ లెక్కకు రాదు.

ఈ జూలై 26న ఇడ్లీ పొద్దున ఆరింటికే పెడుతున్నాం, నడక ఆరున్నరకు. తినకుండా వరుసలోకి వస్తే ఎవరినైనా వెనక్కి పంపిస్తా, సుబేదార్ సాబ్‌నైనా సరే. ఆయన ఇప్పటికే ఫోన్ చేసి చట్నీ ఏమిటని అడిగారు.